చెయ్యి అందినంత మేర

చలికాలం కిటికీ సందులు మూసే కాగితం పట్టీలకు జిగురు రై అనే ధాన్యం పిండితోనే కాయాలి. గోధుమ పిండితో కాస్తే ఫిబ్రవరి వచ్చేసరికి పట్టీ అంచులు లేచిపోతాయి. అంగట్లో అమ్మే టేపు వేస్తే వసంతంలో ఊడదీసేటప్పుడు రంగుతో సహా ఊడి వస్తుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మా అత్తగారు హెల్మి నాకు నేర్పిన మొదటి పని అది. అక్టోబరులో అటకమీంచి లోపలి కిటికీ చట్రాలు దింపి, బయటి అద్దానికి ఇవతల బిగించాలి. రెండు అద్దాల మధ్య అడుగున దూది పరిచి, దానిమీద పైన్ చెట్ల కింద దొరికే తెల్ల నాచు పేర్చాలి. చెమ్మ ఏమైనా చేరితే నాచు తాగేస్తుంది. అప్పుడు లోపలి చట్రం చుట్టూ కాగితం పట్టీ.

"లోపలిది గట్టిగా, బయటిది వదులుగా," అనేది ఆవిడ, జిగురు వేలితో చూపిస్తూ. "బయటిదానికి ఎప్పుడూ పట్టీ వెయ్యకు. మన ఊపిరీ, మన వంట ఆవిరీ ఎంత ఆపినా కాస్త అటు దూరుతుంది. దూరినదానికి బయటికి పోయే దారి ఉండాలిగా."

డెబ్బై తొమ్మిది అక్టోబరులో, ఆవిడ పోయిన మూడో ఏట, నేను మామగారు పడుకునే ఉత్తరం గది కిటికీకి పట్టీలు అంటిస్తున్నాను. బయట నిచ్చెన మీద మా ఆయన రైమో అదే గోడకు ప్లాస్టిక్ షీటు కొడుతున్నాడు. మా ఇద్దరి మధ్య రెండు అద్దాలు, కాస్త దూది.

ఆ ఏడు బాయిలరులో పోసే ఆయిల్ ధర ఆకాశాన్నంటింది. ఊళ్ళో సగం మంది ఇళ్ళకు ఏదో ఒకటి చుడుతూనే ఉన్నారు. కానీ రైమో ఇల్లు చుట్టింది ఆయిల్ కోసం కాదు. అంతకుముందు వసంతంలో మా మామగారు తావెట్టి ఊపిరి అందక ఆస్పత్రిలో పడ్డారు. యుద్ధంలో ఒకసారి దెబ్బతిని, ఆ తర్వాత బతుకంతా రంపపు మిల్లు దుమ్ము పీల్చి, ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంకో చలికాలం ఈ పాత ఇంట్లో గడపడం మంచిది కాదనీ, మంచు పడకముందే పట్నం వార్డులో చేర్చమనీ డాక్టర్లు చెప్పారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన కారు అద్దంలోంచి సరస్సు చూస్తూ, "వచ్చే ఏడు సరస్సుమీద గడ్డకట్టిన మంచు విడిచేటప్పుడు నా కిటికీలోంచే చూడాలనుంది," అన్నారు.

"చూస్తావు నాన్నా," అన్నాడు రైమో. "చలి అడుగు పెట్టకుండా చేస్తాను."

అందుకే ఆ శనివారం సాయం పని పెట్టుకున్నాం. మా వైపు సాయం పనికి వచ్చిన మగవాళ్ళు ఇంటాయన చెప్పిన పని చేస్తారు, మాంసం సూప్ తాగుతారు, ఆవిరి స్నానం చేసి వెళ్ళిపోతారు. అడగనిదే ఒకరి ఇంటి గురించి ఇంకొకరు నోరు విప్పరు. అది మర్యాద. గోడలకు గాజు ఉన్ని, దానిమీద ప్లాస్టిక్ షీటు, దానిమీద కొత్త పలకలు. మా ఆడపడుచు సైమి మొగుడు యల్మరి కింద నిలబడి షీటు చుట్ట విప్పుతున్నాడు. వడ్రంగం ఆయన కులవిద్య లాంటిది, వాళ్ళ నాన్నదీ తాతదీ అదే పని. కిటికీ పక్కన గాలికోసం పెట్టిన చిన్న రెక్క తెరిచే ఉంది కనక వాళ్ళ మాటలు నాకు వినబడుతున్నాయి.

"బావమరిదీ, ఈ షీటు ఇటు వైపేనా, లోపలి వైపా?"

"గాలి ఎటునుంచి వస్తుంది బావా?"

"బయటినుంచే."

"మరింకేం."

యల్మరి గోడవంక కాసేపు చూశాడు. తర్వాత నాలుగు మేకులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో మేకులున్నవాడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

మామగారు పెరట్లో కుర్చీ వేయించుకుని, గుర్రం మీద కప్పే దుప్పటి కప్పుకుని పని చూస్తున్నారు. నేను కాఫీ పట్టుకెళ్తే కప్పు రెండు చేతుల్తో పట్టుకుని గోడను చూపించారు.

"చలి ఆగడానికి ఈ గోడల్లో పోసిన రంపపు పొట్టు ఎన్నాళ్ళు ఎండబెట్టామో తెలుసా అమ్మాయ్?"

"అత్తయ్య చెప్పారు మామయ్యా. ఒక వేసవంతా అని."

"గుడారం గుడ్డలమీద పోసి తిరగేస్తూ ఉండేది మీ అత్తయ్య. మబ్బు పట్టిందంటే మూటలు కట్టడం, ఎండ రాగానే విప్పడం. అందరూ నవ్వారు. గడ్డి ఎండేసుకునే వాళ్ళని చూశాం గానీ పొట్టు ఎండేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాం అని. అప్పుడు కడుపుతో ఉంది కూడాను."

"ఎవరు, సైమి వదినా?"

"కాదు. అడుగో, నిచ్చెన మీదున్నాడు."

రైమో కిందికి దిగి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. మొహం ఎర్రగా, సంతోషంగా ఉంది. తండ్రి అతన్ని తేరిపార చూశారు.

"చలి ఆగుతుందంటావా?"

"ఆగక చస్తుందా నాన్నా. ఇంటికి వానకోటు తొడిగాను."

"ఆగితే చాలు," అన్నారు మామగారు, కాఫీ తాగుతూ.

సాయంత్రం రైమో ఉత్తరం గదిలోకి వచ్చి నేను అంటించిన పట్టీలమీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు. ఆ కిటికీకి పక్కనే జానెడు వెడల్పున నిలువుగా ఒక చిన్న రెక్క ఉంటుంది. గాలి మార్చడానికి రోజూ కాసేపు తెరుస్తాం. దాన్ని మాత్రం ఏ ఏడూ అంటించం.

"ఈసారి దీన్నీ అంటించెయ్యి," అన్నాడు.

"ఇదెందుకు? గాలికోసం ఉంచినదేగా."

"ఇన్ని తంటాలు పడుతున్నది గాలి ఆపడానికే కదా ఐరా. పునాదిలో గాలి కంతలు కూడా మూసేశాను. ఇంక ఇదొక్కటే మిగిలింది."

జిగురు ఇంకా గోరువెచ్చగానే ఉంది. అంటించాను.

మొదటి గట్టి చలి వచ్చేసరికి ఇల్లు నిజంగానే వెచ్చగా ఉంది. రైమో ఊరి బస్సు నడుపుతాడు. పొద్దున్నే చీకట్లో వెళ్ళి, మళ్ళీ చీకట్లో వస్తాడు. రాగానే బూట్లు, మేజోళ్ళు విప్పి పారేసి ఉత్త కాళ్ళతో ఇల్లంతా తిరిగేవాడు. వచ్చిన ప్రతివాళ్ళనీ గోడమీద చెయ్యి వేసి చూడమనేవాడు.

"మా పిల్లి మీ ఇంటికి కాపురానికి వస్తానంటోంది," అంది సైమి.

"రమ్మను వదినా. అద్దె ఎలకల్లో కట్టమను," అన్నాను.

మామగారు కూడా నవ్వారు. నవ్వి దగ్గారు. దగ్గు ప్రతి చలికాలం ఉండేదే.

నేను మాత్రం పొద్దున్నే కిటికీలు తుడుస్తున్నాను. అద్దాల కింది అంచున నీళ్ళు నిలిచి, చెక్కమీదికి కారేవి. ఇదివరకు చలికాలంలో ఆ తెల్ల నాచు వేలితో తాకితే అప్పడంలా విరిగేది. ఆ ఏడు అది మెత్తబడి, ఉబ్బి, అడవిలో వాన పడ్డ మర్నాడు ఉన్నట్టుంది. అద్దాల మధ్య పచ్చగా బతికే ఉంది. చూడ్డానికి బాగుందని సైమి మెచ్చుకుంది.

క్రిస్మస్ నాడు భోజనాలయ్యాయి. పందిమాంసం, వేయించిన ముల్లంగి ముద్ద, బియ్యపు జావ నింపి కాల్చిన చిన్న రై రొట్టెలు, అన్నీ బల్లమీదే ఉన్నాయి. మామగారు కాఫీలో చక్కెర కలుపుతూ మామూలుగా అన్నారు:

"నా గదిలో బంగాళాదుంపలు నిలవ చేసే కొట్టు వాసన వస్తోంది."

రైమో వెంటనే లేచాడు. టార్చి పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. నేల, గది పొయ్యి, కిటికీ కింద, మంచం కింద వాసన చూస్తూ వంగి వంగి తిరగడం బల్ల దగ్గరినుంచే మాకు కనబడుతోంది. అప్పటికి మంచం పొయ్యి పక్కన ఉండేది. ఉత్తరం గోడమీద మా అత్తగారు నేసిన ఉన్ని తివాచీ నేలదాకా వేలాడుతూ ఉండేది. దానిమీద కూడా టార్చి వేశాడు, ఎర్ర గీతలూ నల్ల గీతలూ తప్ప ఏం కనబడుతుంది? తిరిగి వచ్చేటప్పటికి అతని మొహం తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడి మొహంలా ఉంది. ముప్పై దాటినవాడు.

"ఏమీ లేదు నాన్నా. కొత్త పలకల వాసనేమో."

మామగారు కొడుకువంక చూశారు. చెంచా కప్పులో తిరుగుతూనే ఉంది.

"అయ్యుంటుంది," అన్నారు చివరికి. "ముసలి ముక్కు కదా." ఎప్పుడూ ఒకటి మించి తినని మనిషి ఇంకో రొట్టె తీసుకుని వెన్న రాసుకున్నారు.

ఆ మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

కొత్త సంవత్సరం వచ్చిన తర్వాత మంచం మార్చమన్నారు. "ఈ మూలనుంచి పొయ్యి తప్ప ఏం కనబడ్డం లేదు. ఆ తివాచీ గోడకి వేస్తే సరస్సు కనబడుతుంది."

"అది ఉత్తరం గోడ మామయ్యా. చల్లగా ఉంటుంది."

"మావాడు చుట్టిన గోడ. చల్లగా ఎందుకుంటుంది?"

రైమో మంచం ఒక చివర ఎత్తేశాడు. ఆ మాటకు అతని చెవులు ఎర్రబడ్డం నేను చూశాను. తివాచీ తీసి దులిపి వేద్దామని నేను చెయ్యి వేస్తే మామగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఎప్పుడూ అలా చెయ్యి పట్టుకునే మనిషి కాదు.

"ఉండనీ అమ్మాయ్. ఆవిడ వేలాడదీసింది అలాగే ఉండనీ."

అప్పటినుంచి ఆయన పక్క ఆయనే సర్దుకునేవారు. సైనికుడి పక్క ఆడవాళ్ళు సర్దితే ముడతలు పడతాయట. పొయ్యిలో కట్టెలు కూడా ఆయనే పెట్టుకునేవారు. శనివారం బట్టలు ఉడకబెట్టేటప్పుడు ఆయన పెద్ద గళ్ళ రుమాళ్ళనిండా నల్లటి చారలు.

"పొయ్యి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను మామయ్యా? మసంతా రుమాళ్ళకే."

"ముసలాడికి ఆ ఒక్క పనైనా మిగల్చవా?"

"మిగులుస్తాను. మీ రుమాళ్ళు మీరు ఉతుక్కుంటానంటే."

"అమ్మో, అంత పెద్ద ఉద్యోగం నాకెందుకు," అని నవ్వారు.

మసి ఒక్క ఉడుకుకి పోతుంది. ఇది పోలేదు. రెండోసారి ఉడకబెడితే నలుపు పోయి పచ్చబూడిద రంగు మిగిలింది. కొత్తగా తెచ్చిన సబ్బు నాసిరకం అనుకుని మార్చాను.

ఫిబ్రవరిలో ఆయన రెండు దిళ్ళమీద కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ దక్షిణాదినుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. వీపుమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత మమ్మల్ని అడిగింది:

"ఇంట్లో చెమ్మ ఏమైనా ఉందా?"

"చెమ్మా?" రైమో నవ్వాడు. "ఓసారి మా ఇంటికి రండి డాక్టరమ్మా. ఈ చుట్టుపక్కల అంత వెచ్చటి ఇల్లు, పొడి ఇల్లు ఇంకోటి లేదు. నా చేతుల్తో చుట్టాను."

ఆమె మామగారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి తాతగారూ. గది ఎలా ఉంది?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. పై గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. రైమో వంగి సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశారు.

"మా అబ్బాయి చెప్పాడుగా," అన్నారు.

"వార్డులో మంచం ఖాళీగా ఉంది. కొన్నాళ్ళు ఇక్కడ ఉండండి. ఊపిరికి కాస్త తేలికవుతుంది."

"సరస్సు మంచు విడవనీ అమ్మా. అప్పుడొస్తాను."

డాక్టరమ్మ మా వంక చూసింది. రైమో నేలకేసి చూశాడు. తండ్రి ఉంటానంటే ఉంచుకోవాలని, వెళ్తానంటే పంపాలని అతను ముందే నాతో అన్నాడు. ఉంటానన్నందుకు అతని భుజాలు తేలికపడ్డం నాకు తెలిసింది. మందులు తీసుకుని వచ్చేశాం. దారి పొడుగునా మంచు గోడల్లా ఉంది రోడ్డుకు రెండు వైపులా.

మర్నాడు రైమో బస్సుకి వెళ్ళాక ఆయనకు జావ తీసుకెళ్ళాను. గోడకు వీపు ఆనించి, తివాచీమీద తల వాల్చి కూర్చున్నారు. మాట మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"వార్డుకి వెళ్తే ఏం పోయింది మామయ్యా? నేను రోజూ వస్తాను. బస్సెలాగూ మనదే."

"టిక్కెట్టు కొనమంటాడు వాడు. పిసినారి." కాసేపు నవ్వు, కాసేపు దగ్గు. తర్వాత అన్నారు: "యుద్ధంలో ఊరు ఖాళీ చెయ్యమంటే రెండుసార్లు అప్పటి మా ఇల్లు వదిలి బండెక్కాను అమ్మాయ్. మొదటిసారి పొయ్యిమీద కుండ అలాగే ఉంది. తిరిగొచ్చి పైకప్పు వేసుకున్నాం. మళ్ళీ ఎక్కమన్నారు. ఇంక ఎక్కను."

"ఇది అలాంటి వెళ్ళడం కాదుగా."

"నేను వెళ్ళిపోతే వాడేమనుకుంటాడు? ఇంత చేసినా నాన్నకి ఈ ఇల్లు పడలేదు అనుకోడూ?" జావ గిన్నె నా చేతిలోనే ఉంచి దుప్పటి మెడదాకా లాక్కున్నారు. "నాకోసం ఇల్లంతా కప్పాడు. కప్పినవాడి ముందు దుప్పటి తన్నేసి ఎలా లేస్తాను?"

నేను కిటికీ అద్దం తుడిచి వచ్చాను. సరస్సు తెల్లగా, కదలకుండా ఉంది.

మార్చి నెలలో ఒక పొద్దున, నేను పొయ్యి దగ్గర ఉండగా, రైమో నన్ను పిలిచాడు. పిలిచిన గొంతులోనే అంతా ఉంది. నేను వెళ్ళేసరికి తండ్రి చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మనిషి పోయినప్పుడు మేం కిటికీ తెరుస్తాం, వెళ్ళేవాళ్ళకి దారి ఉండాలని. చిన్న రెక్క చుట్టూ నేను అంటించిన పట్టీ అలాగే గట్టిగా ఉంది. రైమో మొలలో చాకు తీసి పట్టీని నిలువునా చీల్చాడు. రెక్క బిగుసుకుపోయింది. భుజంతో గుద్దితే తెరుచుకుంది.

చలి లోపలికి వచ్చింది. ఆ గదిలోకి గాలి వచ్చాకే, అన్నాళ్ళూ అందులో గాలి లేదని నాకు తెలిసింది.

బయట సరస్సుమీద మంచు ఇంకా అలాగే ఉంది.

ఆ ఏడు మంచు మే నెల నడుమ విడిచింది. రాత్రికి రాత్రి గాలి లేచి, పొద్దున చూసేసరికి నీలం నీళ్ళు. మంచు విడిచాక లోపలి చట్రాలు తీసి అటకెక్కించడం నా పని. మిగతా గదులన్నీ అయ్యాక చివరికి ఉత్తరం గదికి వచ్చాను. కిటికీ దగ్గర నిలబడాలంటే మంచం జరపాలి. జరిపాను. తివాచీని కూడా పెరట్లో దండెంమీద వేసి దులుపుదామని పై కొక్కేలు తీసి లాగాను. అది గోడను వదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగితే తడి చర్మం వలిచినట్టు శబ్దం చేస్తూ ఊడి వచ్చింది.

గోడ నల్లగా ఉంది. నేలనుంచి నా భుజమంత ఎత్తు దాకా, మూలనుంచి కిటికీ దాకా, గోడకాగితంమీద పువ్వులు కనబడకుండా బూజు. మూల దగ్గర కాగితం ఉబ్బి వేలాడుతోంది. ఆ కొట్టు వాసన గదంతా కమ్ముకుంది.

ఆ నలుపు మధ్యలో, మంచం ఎత్తునుంచి పైకి, అర్ధచంద్రం ఆకారంలో ఒక చోటు మాత్రం తెల్లగా ఉంది. అక్కడ పువ్వులు కూడా కనబడుతున్నాయి. తివాచీ వెనకాలే తుడిచి తుడిచి కాగితం పలచబడి, కొన్నిచోట్ల లోపలి పలక బయటపడింది. మంచం పట్టెకీ గోడకీ మధ్య ఒక గళ్ళ రుమాలు ఇరుక్కుని ఉంది. ఎండి అట్టలా బిగుసుకుపోయింది, నల్లగా.

నేను తివాచీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. బస్సు ఆగిన చప్పుడు, తలుపు చప్పుడు, బూట్లు. "ఐరా, ఏంటీ వాసన?" అంటూ రైమో గుమ్మంలోకి వచ్చాడు.

చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి వేలితో నలుపుమీద గీత గీశాడు. వేలు చూసుకున్నాడు. తర్వాత వంగి ఆ రుమాలు తీశాడు.

నేనేమైనా చెప్పాలనుకున్నాను. పొయ్యి మసి అన్న మాట, మంచం మార్చిన రోజు, నా మణికట్టు పట్టుకోవడం. ఏదీ చెప్పనక్కర్లేకపోయింది. రైమో మంచాన్ని మళ్ళీ గోడకు ఆనించాడు. బూట్లతోనే దానిమీద పడుకున్నాడు. తండ్రి పడుకున్నట్టే దిండు ఎత్తు పెట్టుకుని, కుడిచెయ్యి చాపి గోడమీద పెట్టాడు. భుజం కదలకుండా చేతిని ఒక వైపునుంచి ఇంకో వైపుకి మెల్లగా తిప్పాడు. వేళ్ళ చివరలు సరిగ్గా ఆ తెల్ల చోటు అంచుమీదుగా వెళ్ళాయి. అక్కడక్కడ, ఇంకాస్త అందుకోవాలని ప్రయత్నించినట్టు, అంచు దాటి వేళ్ళ గీతలు నలుపులోకి వెళ్ళి ఆగిపోయి ఉన్నాయి.

అతను చెయ్యి దించి పైకప్పు చూస్తూ కాసేపు పడుకున్నాడు. తర్వాత లేచాడు.

"కాఫీ ఉందా?"

"పెడతాను."

రుమాలు జేబులో పెట్టుకుని వంటింటికి వచ్చాడు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే యల్మరి వచ్చాడు. సైమికి నేను ఫోన్లో చెప్పింది గోడకు చెమ్మ వచ్చిందని మాత్రమే. బావా బావమరుదులు ఇద్దరూ బయటినుంచి కొత్త పలకలు ఊడదీశారు. ప్లాస్టిక్ షీటు కింది అంచు కోయగానే లోపలినుంచి నీళ్ళు కాళ్ళమీదికి కారాయి. చలికాలమంతా ఇంట్లోంచి గోడలోకి దూరిన ఆవిరి, ఆ చల్లటి షీటుకు తగిలి, నీళ్ళయి అక్కడే నిలిచిపోయింది. మా అత్తగారు ఒక వేసవంతా ఎండబెట్టిన పొట్టు కాఫీ పిప్పిలా ముద్దలు ముద్దలుగా జారింది. యల్మరి చాకు తీసి గోడ కింది దుంగలో గుచ్చాడు. వెన్నలో దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

"దుంగ పోయింది," అన్నాడు.

రైమో ఆ చాకునే చూస్తున్నాడు. "నువ్వు అడిగావు బావా. ఏ వైపని."

"ఊరికే అడిగాను."

"ఊరికే కాదు."

యల్మరి చాకు లాగి, ప్యాంటుకు తుడిచి, ఒరలో పెట్టుకున్నాడు. "కాదు," అన్నాడు. ఆ తర్వాత సాయంత్రందాకా ఇద్దరూ పారలతో పొట్టు తోడుతూనే ఉన్నారు. నేను పెట్టిన సూప్ ఇద్దరూ నిలబడే తాగారు.

నేను ఆ పూట పట్టీల జిగురు మరకలు కడుగుతూ కూర్చున్నాను. లోపలిది గట్టిగా, బయటిది వదులుగా. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకి ఆ సంగతి తెలుసు. కిటికీలు ఆడవాళ్ళ పని, గోడలు మగవాళ్ళ పని. అక్టోబరు శనివారం నేను లోపల, అతను బయట, ఒకే గోడకు రెండు వైపులా నిలబడి పని చేశాం.

దుంగ మార్చారు. ఇల్లంతా ఆ ప్లాస్టిక్ చుట్టు ఊడదీశారు. కొత్త పొట్టు మిల్లునుంచి తడిగానే వచ్చింది. గుడారం గుడ్డలు అటకమీద ఇంకా ఉన్నాయి. రైమో వాటిని పెరట్లో పరిచి, పొట్టు పోసి, ఆ వేసవంతా బస్సునుంచి వచ్చాక దంతెతో తిరగేశాడు. మబ్బు పడితే మూటలు కట్టాడు. ఈసారి సాయం పని పెట్టలేదు. దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగేవారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. నేను వెళ్ళి ఇంకో దంతె తీసుకుంటే వద్దనలేదు. అలాగని మాట్లాడనూ లేదు. ఒకసారి మాత్రం, పొట్టు పిడికిట పట్టి నలిపి చూస్తూ అన్నాడు:

"ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"అన్నారు. క్రిస్మస్ నాడు."

"ఒక్కసారే."

"నీ మొహం చూశారు," అన్నాను. అనకుండా ఉండాల్సిందేమో. అతను పిడికిలి విప్పి పొట్టు గాలికి వదిలి, మళ్ళీ దంతె అందుకున్నాడు.

అక్టోబరు వచ్చింది. రై పిండితో జిగురు కాశాను. ఉత్తరం గదిలో కొత్త గోడకాగితం, పొయ్యి పక్కన ఖాళీ మంచం. తివాచీ ఎంత ఎండబెట్టినా వాసన వదలకపోతే చివరికి సైమి తీసుకెళ్ళి తగలబెట్టింది. కిటికీ చుట్టూ పట్టీలు వేస్తుంటే రైమో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ చిన్న రెక్క..."

"అంటించను."

అతను తలూపి వెళ్ళాడు. ఆ చలికాలం మొదలుకుని ఇప్పటిదాకా, బయట చెట్లు చలికి పగిలి తుపాకి పేలినట్టు శబ్దం చేసే రోజుల్లో కూడా, రైమో భోజనానికి కూర్చునే ముందు ఆ గదిలోకి వెళ్ళి రెక్క తెరుస్తాడు. మేం తినడం అయ్యేదాకా అది తెరిచే ఉంటుంది. చలి నేలమీదుగా వచ్చి బల్ల కింద మా కాళ్ళ దగ్గర పడుకుంటుంది.

"ఊరంతటికీ నువ్వే వేడి పెడుతున్నావా బావమరిదీ?" అంటాడు యల్మరి ఎప్పుడైనా. అని, తన కోటు తనే తెచ్చుకుని తొడుక్కుంటాడు. లేచి రెక్క మాత్రం మూయడు. నేను కూడా మూయను. మేజోళ్ళమీద ఇంకో జత మేజోళ్ళు వేసుకుంటాను.

శనివారాలు ఇప్పటికీ బట్టలు ఉడకబెడతాను. అందరి రుమాళ్ళూ వస్తాయి. ఆ గళ్ళ రుమాలొక్కటి మాత్రం ఇంతవరకూ ఉతుక్కి రాలేదు.